తార్నాక ఆర్కైవ్స్‌లో మా తాతల కోసం: పన్నెండేళ్ళ అనుభవం

2011 వేసవిలో మొదటిసారి హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌కు, అంటే పాత ప్రభుత్వ కాగితాలు దాచే చోటికి, వెళ్ళాను. బల్ల దగ్గరున్నాయన తలెత్తి "ఏం కావాలి సార్?" అన్నారు. "మా తాతగారి ముత్తాత గురించి ఏమైనా దొరుకుతుందేమోనని..." అని నసిగాను. ఆయన ఏ మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఏ ఊరు? సర్వే నంబరెంత?" అని అడిగారు.

అప్పుడు నవ్వొచ్చింది. మనిషి గురించి అడిగితే పొలం గురించి అడుగుతాడేంటి అనుకున్నాను. ఆ ప్రశ్నలోనే కిటుకంతా ఉందని అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. ప్రభుత్వం కాగితం రాసింది శిస్తు కోసం. భూమి ఎంత, దాని మీద ఎంత రావాలి, ఎవరు కట్టాలి అన్నదే దానికి కావాలి. మన పెద్దవాళ్ళు ఆ లెక్కలకు అంటుకుని ఈ కాలం దాకా వచ్చారు. కాబట్టి పేరుతో వెతికితే దొరకరు. భూమితో వెతికితే, అదృష్టం బాగుంటే, దొరుకుతారు.

నిజాం కాలపు దఫ్తర్లన్నీ చేరిన చోటు తార్నాక. షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి మొఘల్ పత్రాలే లక్షన్నర దాకా ఉన్నాయి. పరిశోధకులు వచ్చేది వాటి కోసం. నేను వెళ్ళిన రోజుల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళు మాత్రం ఎక్కువగా వకీళ్ళ గుమాస్తాలు, భూమి తగాదాల్లో ఉన్నవాళ్ళు. "మీదెన్ని ఎకరాలు?" అని పలకరించేవాళ్ళు. తాతల కోసం వచ్చానంటే "మంచిది, మంచిది" అని జాలిగా చూసేవాళ్ళు.

నా దగ్గర ఉన్న సరుకు చాలా కొంచెం. మా తాతగారు కాశీ, గయ వెళ్ళేముందు ఒక నోటు పుస్తకంలో పితృకార్యానికి పేర్లు రాసుకున్నారు. తండ్రి, తాత, ముత్తాత. మనలో చాలా ఇళ్ళలో ఇంతకంటే వంశావళి ఉండదు. తద్దినం పెట్టేవాడికి మూడు తరాలు గుర్తుండాలి కాబట్టి ఆ మూడైనా మిగిలాయి. రెండో ఆధారం ఒక మాట. తెనాలి దగ్గర మా ఊళ్ళో "వడ్రంగి చెక్క" అని ఒక పొలం ఉంది. మాది వడ్రంగం చేసే ఇల్లు. అది ఒకప్పుడు మన మాన్యం, అంటే ఊరి పనికి ప్రతిఫలంగా ఇచ్చిన భూమి, అని నాయనమ్మ చెప్పేది. మూడోది కూడా నాయనమ్మ మాటే: "మనవాళ్ళు నందన కరువులో కొండవీటి వైపు నుంచి ఈ ఊరు వచ్చారు."

ఈ మూడో ఆధారమే నన్ను ఏడాదిపాటు తప్పుదారి పట్టించింది. తప్పు నాయనమ్మది కాదు, నాదే. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయని తెలిసి కూడా, మా తాతగారి వయసు నుంచి వెనక్కి లెక్కేసి 1892లో వచ్చిన నందన అనుకున్నాను. ఆ కాలం కాగితాలు ఎన్ని తిరగేసినా మావాళ్ళు కొత్తగా వచ్చిన జాడ లేదు, అప్పటికే పాతకాపులన్నట్టు ఉంది. అంతకు ముందు నందన 1832. గుంటూరు కరువని చరిత్రలో రాసేదీ, జనం డొక్కల కరువని చెప్పుకునేదీ అదే. ఐదు లక్షల జనాభా ఉన్న జిల్లాలో లక్షన్నర మంది పోయారని అంచనా. మా నాయనమ్మ ఆ కరువు చూడలేదు, వాళ్ళ నాయనమ్మా చూసి ఉండదు. ఆ సంవత్సరం పేరు మాత్రం నోటి నుంచి నోటికి చెడిపోకుండా వచ్చింది.

ఇంకో తప్పు కూడా చేశాను. మా ఊరు గుంటూరు జిల్లా కదా అని గుంటూరు కింద వెతికాను. 1859లో గుంటూరు జిల్లాను తీసేసి కృష్ణా జిల్లాలో కలిపారు. మళ్ళీ విడిగా పెట్టింది 1904లో. మధ్యలో నలభై అయిదేళ్ళు మాది కృష్ణా జిల్లా. అప్పటికి తెనాలి తాలూకా కూడా లేదు, మా ప్రాంతం రేపల్లె తాలూకాలో ఉండేది. వెతకడం మొదలుపెట్టేముందు మీ ఊరు ఏ ఏడు ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. ఒంగోలు వైపు వాళ్ళయితే నెల్లూరు, గుంటూరు, ప్రకాశం అని మూడు జిల్లాలు రాసుకోవాలి.

ఇక ఇనాం (మాన్యం) రిజిస్టర్ల సంగతి. కోస్తా, రాయలసీమ కుటుంబాలకు ఇంతకంటే విలువైన కాగితం నాకు కనబడలేదు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. శిస్తు లేకుండా, లేదా జోడి అనే కొద్దిపాటి శిస్తు మీద అనుభవిస్తున్న ప్రతి మాన్యాన్నీ ఊరూరా విచారించి రాశారు. ఆ రిజిస్టర్లో ఒక్కో మాన్యానికి 22 గళ్ళు. భూమి ఎంత, ఎందుకిచ్చారు, ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, అతని వయసెంత, మొదటివాడికి ఇతను ఏమవుతాడు, వారసులెవరు అని అన్నీ అడుగుతారు. మా ఊళ్ళో బ్రాహ్మణ మాన్యాలు, గుడి మాన్యం, మంగలి, చాకలి, కుమ్మరి మాన్యాలు వరసగా వచ్చాయి. కంటితో ఒక్కో వరుసా దిగుతూ పోయాను. వడ్రంగి మాన్యం కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డానట. పక్కాయన తర్వాత చెప్పాడు.

ఆ వరుసను ఇప్పటికీ చూడకుండా చెప్పగలను. మా తాతగారి నోటు పుస్తకంలో మూడోదిగా ఉన్న పేరే, ఇంగ్లీషు గుమాస్తా చేతిలో కాస్త వంకర తిరిగి ఉంది. వయసు 25. ఇది నిజంగా ఇరవై అయిదని నమ్మక్కర్లేదు. ఆ పేజీ అంతా చూస్తే అందరి వయసులూ 25, 30, 35, 40 గానే ఉంటాయి, ఎవరూ 27 కాదు. వారసుల గడిలో "లేరు" అని ఉంది. లేరన్న ఆ వారసుల్లో అయిదో తరం వాడిని కూర్చుని చదువుతున్నాను.

అసలు దెబ్బ ఆ పక్క గళ్ళలో ఉంది. మాన్యం మొదట పుచ్చుకున్నవాడి ఇంటిపేరు మాది కాదు. ఇతను అతనికి ఏమవుతాడంటే, "కూతురి కొడుకు".

రెండు నెలలు ఆ ముక్కను మోసుకు తిరిగాను. మా ఇంట్లో ఎవరికీ ఇల్లరికం మాటే తెలియదు. రిజిస్టరు ఇంగ్లీషులో ఉంటుంది కానీ, దానికి ముందు మాన్యందారు ఇచ్చిన స్టేట్‌మెంటు తెలుగులో ఉండే అవకాశం ఉందని ఒక పాత గుమాస్తా చెప్పాడు. అన్ని ఊళ్ళవీ మిగల్లేదు. మా ఊరిది మిగిలింది. చేతికొచ్చాక ఒక్క ముక్క చదవలేకపోయాను. తెలుగే, కానీ గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా, మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకుండా, తలకట్లన్నీ ఒకదానికొకటి ముడేసి రాసిన రాత. కొలతలు కుచ్చెళ్ళనే పాత భూమి లెక్కలో, అంకెలు తెలుగులో, భిన్నాలకు వేరే గుర్తులు. చదువుకున్నవాడినన్న అహంకారం ఏమైనా ఉంటే ఆ కాగితం దగ్గర దిగిపోతుంది.

1984లో కరణీకాలు రద్దయ్యేదాకా కరణంగా చేసిన పెద్దాయన ఒకరు మా పక్క ఊళ్ళో ఉన్నారు. కాపీ తీసుకుని వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. వసారాలో వెలుతురుకు పట్టుకుని పాట పాడినట్టు చదివేశారు. "నా తల్లి తండ్రి అయిన ఫలానా వారికి ఊరి కొరముట్టు పని నిమిత్తం..." అంటూ పోయింది. కొరముట్టు అంటే పనిముట్టు. కింద సంతకం లేదు. చదువు రాని వాడు కదా, ఉలి బొమ్మ గీశాడు. పిడి పొడుగ్గా, కొస ఏటవాలుగా, రెండే గీతలు. కరణంగారు వేలు పెట్టి చూపించి, "కాపువాడైతే నాగలి గీస్తాడు, మీవాడు ఉలి గీశాడు నాయనా" అన్నారు. నా ల్యాప్‌టాప్ వాల్‌పేపర్ ఇప్పటికీ అదే.

దానితో కథ అతుక్కుంది. నందన కరువులో కొండవీటి వైపు నుంచి వచ్చినవాడు ఒంటరిగా వచ్చాడు. ఈ ఊరి వడ్రంగికి కొడుకుల్లేరు. కూతుర్నిచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో పిల్లవాడు పుట్టాడు. మాన్యం తాత నుంచి మనవడికి దిగింది. అంటే ఆ చెక్క, ఆ ఊరు, మా పని, అన్నీ మాకు ఆ కూతురి వల్ల వచ్చాయి. ఇరవై రెండు గళ్ళలోనూ, ఉలి గీసిన కాగితంలోనూ ఆమె పేరు లేదు. "కూతురు", "తల్లి", అంతే. నేను చూసిన రిజిస్టర్లలో ఆడవాళ్ళ పేర్లు కనబడింది మాన్యం చేతిలో ఉన్న విధవలవీ, గుడికి కట్టుబడిన భోగంవాళ్ళవీ. సంసారం చేసుకున్న ఆడమనిషి పేరు ప్రభుత్వానికి అక్కర్లేకపోయింది. మా తాతగారి నోటు పుస్తకంలోనూ ఆ తరం ఆడవాళ్ళ పేర్లు లేవు, కాబట్టి ప్రభుత్వాన్ని మాత్రమే అని ఏం లాభం.

కరువు గురించి ఇంకా తెలుసుకోవాలని రెండుసార్లు చెన్నై కూడా వెళ్ళాను. తెనాలిలో రాత్రి సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే ఎగ్మూరులో దింపుతుంది. స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే తమిళనాడు ఆర్కైవ్స్, 1909లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. శిస్తు వ్యవహారాలు చూసిన రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ లావుపాటి బైండు పుస్తకాల్లో ఉంటాయి. మావాళ్ళ పేరు ఎక్కడా లేదు, ఉంటుందనీ అనుకోలేదు. కానీ జనం ఊళ్ళొదిలి మద్రాసు బాట పట్టడం గురించి చదువుతుంటే, ఆ గుంపులో కొండవీటి వైపు నుంచి నడిచిన వడ్రంగి కుర్రాడు ఒకడు మా ఊరి దగ్గర ఆగిపోయాడని ఊహించుకోవడం తేలికైంది. అంతకుమించి ఆ ప్రయాణాల నుంచి మిగిలింది ఫిల్టర్ కాఫీ.

మా అమ్మవైపు సూర్యాపేట ప్రాంతం. అక్కడ నేను దాదాపు ఓడిపోయాను. నిజాం కాగితాలు 1880ల నుంచి ఉర్దూలో, అంతకు ముందు ఫారసీలో. ఉర్దూ అక్షరాలు ఆరు నెలలు నేర్చుకుని వెళ్ళాను. శికస్తా, అంటే ఉర్దూ, ఫారసీల గొలుసుకట్టు రాత, చూశాక మళ్ళీ అ ఆ ల దగ్గరికి వచ్చినట్టయింది. నెలలు ఆజూరు, దై, బహ్మన్ అని ఉంటాయి, ఏళ్ళు ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కాకపోతే మద్రాసు ఫసలీ జులైలో మొదలవుతుంది, హైదరాబాదు ఫసలీ అక్టోబరులో. ఈ తేడా గమనించక ఒక మరణాన్ని ఏడాది ముందుకు జరిపేశాను. తెలంగాణ వాళ్ళు 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసిన రిజిస్టరు) నుంచి మొదలుపెట్టి వెనక్కి సేత్వారుకు (మొదటి సర్వే నాటి భూమి రికార్డుకు) వెళ్ళడం నయం. ఉర్దూ బాగా చదివే మనిషిని ముందే మాట్లాడుకోండి, డబ్బులిచ్చైనా సరే.

చేదు అనుభవాలు లేవా అంటే ఉన్నాయి. ఈ పన్నెండేళ్ళలో చిన్నాపెద్దా ఆఫీసులు చాలా తిరిగాను. ఎక్కడ ఏం జరిగిందో పేరు పెట్టి చెప్పను. ఒకచోట స్లిప్పు రాసిచ్చిన కట్ట కోసం మూడు రోజులు కూర్చున్నాను, నాలుగో రోజు "అది లేదు" అన్నారు. ఏడాది తర్వాత అదే కట్ట అదే ఆఫీసులో పది నిమిషాల్లో వచ్చింది. మొదటిసారి అలమరా తాళం ఉన్న మనిషి సెలవులో ఉన్నాడట. ఇంకోచోట పేజీ తిప్పుతుంటే అంచు పొడిలా రాలి ఒళ్ళో పడింది. ఆ రోజు టెన్షన్‌తో అన్నం తినలేదు. నూట యాభై ఏళ్ళు నిలిచిన కాగితం నా చేతిలో ముక్కయింది. అప్పటి నుంచి పేజీని పైమూల నుంచి అరచేతి మీదకు తీసుకుంటున్నాను, వేలితో లాగట్లేదు.

వెళ్ళేవాళ్ళకు చెప్పగలిగింది ఇదీ. 2014 తర్వాత ఏ జిల్లా రికార్డు ఏ రాష్ట్రం దగ్గరుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, నిబంధనలూ రుసుములూ కూడా. గుర్తింపు కార్డు, పెన్సిలు, భూతద్దం, మాస్కు పట్టుకెళ్ళండి. ఫ్యాను గాలికి ఎగిరే దుమ్ము మామూలుది కాదు. ఒక రోజు సెలవు పెట్టి పని తేల్చేద్దామనుకుంటే మాత్రం వెళ్ళకండి. ఇంకో మాట. మాన్యమో పట్టానో ఉన్న కుటుంబాలకే ఇదంతా. పాలేళ్ళుగా, కూలీలుగా బతికినవాళ్ళకు రిజిస్టర్లో గడే లేదు. నా స్నేహితుడు ఒకడు నాతోపాటు మూడుసార్లు వచ్చి, వాళ్ళవాళ్ళ పేరు ఒక్కచోటా దొరక్క మానేశాడు. నా కట్ట నా ముందుంటే వాడు ఖాళీ చేతులతో కూర్చోవడం నాకు ఇబ్బందిగా ఉండేది. తార్నాకకు అయిదు చుక్కలకు మూడున్నర ఇస్తాను. ఆ తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి వాడి తరఫున.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బాబాయికి అన్నీ చూపించాను. రిజిస్టరు కాపీ, ఉలి బొమ్మ, కరణంగారు చదివి రాయించిన ముక్క. ఇల్లరికం సంగతి విని పిన్ని, "అయితే మనది ఆడపిల్ల ఆస్తన్నమాట" అని నవ్వింది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు కాగితం చూశాడు. చివరికి తలెత్తి, "ఒరేయ్, ఇంతకీ ఆ చెక్క ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉందిరా?" అన్నాడు.