స్విఫ్ట్ స్పోర్ట్: 140 పీఎస్ సరే, 975 కిలోలు చూడండి

సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్ కారు పవర్ 140 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) అనగానే చాలామంది పెదవి విరుస్తారు. నన్నడిగితే ఈ బండిలో ముందు చూడాల్సింది బరువు: 975 కిలోలు. 2017లో వచ్చిన 1.4 లీటర్ టర్బో పెట్రోల్, ఆరు గేర్ల మాన్యువల్ గురించి చెబుతున్నాను.

లెక్క కడితే టన్నుకు దాదాపు 144 పీఎస్. అదే 1,700 కిలోల ఎస్‌యూవీకి 180 పీఎస్ ఇంజిన్ పెట్టినా టన్నుకు 106 దాటదు. స్విఫ్ట్ స్పోర్ట్‌లో రెండో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆ తేడా వీపుకి తెలుస్తుంది. పైగా ఇంజిన్ నిమిషానికి 2,500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేసరికే 230 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, అందుతుంది కాబట్టి లారీని దాటాలంటే మూడో గేర్ చాలు, టెన్షన్ ఉండదు. బ్రేక్ వేసినా, మలుపు తిప్పినా ఆ తేలికదనమే సుఖం.

2020లో యూరప్‌లో దీన్ని మైల్డ్ హైబ్రిడ్ చేశారు, అంటే ఇంజిన్‌కు సాయంగా చిన్న ఎలక్ట్రిక్ మోటార్ పెట్టారు. పవర్ 129కి తగ్గింది, బరువు 1,025 కిలోలకు పెరిగింది. టన్నుకు 126 పీఎస్ అయింది. టార్క్ 235కి పెరిగినా, సున్నా నుంచి వందకు 8.1 సెకన్లు పట్టేది కాస్తా 9.1 అయింది. ఇంత మంచి బండికి ఆ 50 కిలోలు ఎక్కించడం నాకు ఇప్పటికీ బాధే.

తేలిక బండికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తలా 70 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే టన్నుకు 112కి పడిపోతుంది, అంటే 22 శాతం నష్టం. ఆ ఎస్‌యూవీకైతే నష్టం 14 శాతమే. నిండుగా ఉన్నప్పుడు ఎత్తు ఎక్కాలంటే గేర్ తగ్గించక తప్పదు. హైవే మీద బాగా వేగం అందుకున్నాక కూడా పికప్ మామూలైపోతుంది. వేగం రెట్టింపైతే ఎదురుగాలి అడ్డు నాలుగింతలవుతుంది, అక్కడ తక్కువ బరువు పెద్దగా ఆదుకోదు.

డిక్కీ 265 లీటర్లే. ఇంజిన్ శబ్దంలో ఉత్సాహం లేదు. తడి రోడ్డు మీద మొదటి గేర్‌లో గట్టిగా తొక్కితే ముందు చక్రాలు జారతాయి, టైర్ల విషయంలో పిసినారితనం వద్దు.

కొనాలనుకుంటే టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, వీలైతే ఎత్తున్న రోడ్డు మీద మూడో గేర్‌లో లాగి చూడండి.