తెల్ల బోర్డు ఈకో, పసుపు బోర్డు ఈకో: ఏడేళ్ల వాడకం

మాది విజయనగరం. సంతల్లో రెడీమేడ్ బట్టలు అమ్ముతాం. నైటీలు, లుంగీలు, తువాళ్లు, పిల్లల గౌన్లు. 2018 దాకా కిరాయి ఆటో ట్రాలీలోనే తిరిగాను. కిరాయి డబ్బు నాకెప్పుడూ బరువనిపించలేదు. సంతలో కూలి డబ్బులు చేతిలో పడ్డవాళ్లు మధ్యాహ్నం మూడు దాటాకే మా కొట్టు దగ్గరికి వస్తారు. సరిగ్గా ఆ వేళకే డ్రైవరు తాడు పట్టుకుని నిలబడి "ఇంక కట్టేద్దామా బాబూ" అంటాడు. ఆ మాట వినలేకే సొంత బండి కొన్నాను.

కొన్నది మారుతి ఈకో వ్యాను, అయిదు సీట్లది, ఏసీతో, పెట్రోలు. సొంత వాడకానికిచ్చే తెల్ల నంబరు బోర్డు బండి. ఆన్‌రోడ్ నాలుగున్నర లక్షలు దాటింది. అదే ఈకోలో వెనక సీట్లు లేని కార్గో అప్పటికే అమ్ముతున్నారు. కానీ మా ఆవిడ "ఎలాగూ కొంటున్నాం కదా, అందరం సింహాచలం వెళ్లొచ్చేలా ఉండాలి" అంది. నాకూ నిజమే అనిపించింది. ఒకే బండి ఇంటికీ, వ్యాపారానికీ పనికొస్తుందనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత చెబుతాను.

ముందు బండి సంగతి. 1196 సీసీ ఇంజను, 73 హార్స్ పవర్. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, తోలేది వెనక చక్రాలను. ఈ అమరిక విలువ శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. సరుకు బరువు వెనక చక్రాల మీద పడేకొద్దీ అవి రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. వానాకాలంలో నాచు పట్టిన మలుపుల్లో ముందు చక్రాలతో లాగే చిన్న కార్లు చక్రం జారి సతమతమవుతుంటే, మూటలతో నిండిన మా ఈకో సెకండు గేరులో ఏడుస్తూనే ఎక్కేసేది. ఏడుస్తూ అని ఎందుకన్నానంటే, ఆ ఇంజను శబ్దం మన సీటు కింది నుంచే వస్తుంది. ఫోన్ మాట్లాడాలంటే బండి ఆపాల్సిందే. ఒకందుకు అదీ మంచిదే.

ఎండాకాలంలో ఇంజను వేడి సీటుకి తగులుతుంది. ఏసీ ముఖానికి చల్లగా తగులుతుంటే కింద మాత్రం పెనం మీద కూర్చున్నట్టుంటుంది. నేను కొబ్బరి పీచు మెత్త ఒకటి వేసుకున్నాను. షోరూములో అమ్మే రెగ్జిన్ కవర్ల జోలికి పోవద్దు, అవి వేడిని ఇంకా పెంచుతాయి. ఏసీ గాలి ముందు నుంచే వస్తుంది, వెనక కూర్చున్నవాళ్ల దాకా చేరేసరికి ఊరు వచ్చేస్తుంది.

నా బండికి పవర్ స్టీరింగ్ లేదు. కదులుతున్నప్పుడు తెలియదు గానీ, లోడుతో సంతలో వెనక్కి తీసి పెట్టేటప్పుడు భుజాలు లాగేస్తాయి. అయితే బండి పొడవు మూడున్నర మీటర్లకి కొంచెమే ఎక్కువ, వెడల్పు ఒకటిన్నర మీటరు కూడా లేదు. గంటస్తంభం పక్క సందుల్లో ఎద్దుబండి పట్టే చోట ఇదీ పడుతుంది. తలుపులు పక్కకి జరిగేవి కాబట్టి ఇరుకులో కూడా సరుకు దించొచ్చు. ఈ ఒక్క సుఖం కోసమే మళ్లీ ఇదే కొంటాను. కాకపోతే తలుపు రోలర్లలో దుమ్ము చేరితే గరగరమంటాయి. నెలకోసారి తుడిచి గ్రీజు రాస్తే చాలు.

కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకి 15.37 కిలోమీటర్లు. ఖాళీగా హైవే మీద 16 దాకా కూడా చూశాను. లోడుతో ఘాట్‌లో 11, 12. నెల సగటు 13 దగ్గర ఆగుతుంది.

లోడు విషయంలో తప్పంతా నాదే. గుడ్డ చూడటానికి దూదిలా ఉంటుంది గానీ బిగించి మూట కడితే బియ్యం బస్తా. బండి మీద టాప్ క్యారియర్ వేయించి దాని మీద కూడా మూటలు పెట్టేవాణ్ని. ఈకోకి వెనక లారీలకుండే కమాన్లు (పట్టీల స్ప్రింగులు) ఉండవు, కాయిల్ స్ప్రింగులే. రెండేళ్లకే వెనక భాగం కుంగిపోయింది. సాలూరు తీసుకెళ్లాను. లారీల ఊరు కదా, అక్కడి మేస్త్రీలు బండి నడక చూసే జబ్బు చెప్తారు. ఒక పెద్దాయన కింద పడుకుని చూసి, "ఇది కారు బాబూ, నువ్వు లారీ చేసేశావు" అన్నాడు. స్ప్రింగులు మార్చాం. ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు, అదే క్రాసులు కూడా అరిగాయి. బండి ఎత్తగానే కింద టక్కుమని శబ్దం వస్తుంటే అవే అనుకోండి. క్లచ్ ప్లేటు 62 వేల కిలోమీటర్ల దగ్గర మార్చాను, అదీ ఘాట్‌లో సగం క్లచ్ మీద బండి నిలబెట్టే నా అలవాటు వల్ల. ఇంజను మాత్రం ఇంతవరకు విప్పలేదు. పది వేలకోసారి ఆయిలు తప్పకుండా మారుస్తాను. ఎడమ సీటు ఎత్తితే చాలు, అన్నీ చేతికి అందుతాయి.

ఇక లెక్క తప్పిన సంగతి. వెనక సీటు ఉంటే సగం సరుకే పడుతుంది. అందుకని దాన్ని విప్పి ఇంట్లో వరండాలో వేశాను. పండగలకి మళ్లీ బిగించేవాణ్ని. అమ్మ దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. ఇలా నాలుగేళ్లు నడిచింది. 2022లో ఒక తనిఖీలో ఆపి, ఆర్సీలో అయిదు సీట్లుంటే బండిలో రెండే ఉన్నాయేమని అడిగారు. రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి వేరుగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తప్పు. జరిమానా కట్టాను. జరిమానా ఒక్కరోజు బాధ. ఆ రాత్రి ఇంటికొచ్చి ఇన్సూరెన్సు కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను, అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ప్రైవేటు కారు పాలసీలో స్పష్టంగా రాసి ఉంది: నమూనాలు, సొంత సామాను తప్ప సరుకు మోయడానికి వాడితే పాలసీ వర్తించదు. అంటే నాలుగేళ్లుగా అయిదారు లక్షల స్టాకుతో, ఆ ఘాట్‌లో, నేను బీమా లేనట్టే తిరిగాను. తెల్ల బోర్డు మీద వ్యాపారం చేస్తున్నవాళ్లు మీ కాగితం ఇవాళే తీసి చూసుకోండి.

2023లో సెకండ్ హ్యాండ్‌లో ఈకో కార్గో కొన్నాను, 2020 మోడలు, పసుపు బోర్డు, అంటే వ్యాపార వాహనం కింద రిజిస్టరైంది. వెనక అంతా చదునైన నేల, డ్రైవరు వెనక జాలీ అడ్డం. బ్రేకు గట్టిగా వేసినా మూట మెడ మీదికి రాదు. పసుపు బోర్డంటే భయపడ్డాను గానీ అంత కష్టమేం కాదు. ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్ష, ఆ తర్వాత ఏటా. మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చా అని మా బావమరిదికి అనుమానం ఉండేది. 7,500 కిలోల లోపు రవాణా బండ్లకి అది చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక్క జాగ్రత్త: నాకు బ్రోకరు చూపించిన మొదటి బండికి పైన రంగు మెరిసిపోతోంది. తలుపు జరిగే పట్టాలో వేలు పెడితే తుప్పు పొరలు ఊడొచ్చాయి. చూసేది అక్కడ చూడండి.

తెల్ల ఈకో ఇప్పుడు ఇంటి బండి. దాని గురించి మనసులో ఉన్నది కూడా చెప్పాలి. 2016లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్ది చూసినప్పుడు ఎయిర్‌బ్యాగులు లేని ఈకోకి వచ్చింది సున్నా నక్షత్రాలు. నాదీ 2018ది, ఎయిర్‌బ్యాగూ లేదు, గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్సూ లేదు. ముందు బానెట్ కూడా పొట్టిది, మోకాళ్ల తర్వాత రేకే. సరుకు వేసినన్నాళ్లూ ఈ మాట తలకెక్కలేదు. పిల్లలతో మొదటిసారి సాలూరు ఘాట్ దిగుతున్నప్పుడు, ఎదురుగా ఒడిశా లారీ మలుపు కోసుకుని వచ్చేసరికి ఎక్కింది. అప్పటి నుంచి ఇంటివాళ్లు ఉంటే అరవై దాటను, అయిదుగురికి మించి ఎక్కించను. పెళ్లికి వెళ్తూ "ఇంకో ఇద్దరు పడతారులే" అనే బంధువులకి బస్సు టైము చెప్తున్నాను. ఈ విషయంలో మా పెద్దమ్మ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

కొత్తగా కొనేవాళ్లకి ఇంత ఇబ్బంది లేదు. 2022 చివర్లో వచ్చిన ఈకోలో ఇంజను మారింది, 80 పైన హార్స్ పవర్. కంపెనీ చెప్పే మైలేజీ కూడా పెట్రోలు మీద 19 దాటింది. 2025లో ప్రయాణికుల ఈకోకి ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు, ఏడు సీట్ల చోట ఆరు సీట్లది వచ్చింది. అమ్మని తీసుకెళ్లడానికి అదొకటి చూసి రావాలనుంది. మా ఆవిడ మాత్రం ముందే షరతు పెట్టింది: ఈసారి సీట్లు విప్పితే వరండాలో చోటు లేదట.