పల్చటి క్రాషా, మందపాటి క్రాషా?

డ్రమ్ సెట్‌లో ‘ఛష్’మని ఒక్కసారిగా మోగించే పళ్లెంలాంటి సింబలే క్రాష్. రాక్ సంగీతం అనగానే మందపాటిది కొనేయాలనిపిస్తుంది. గిటార్ ఆంప్‌ల హోరును చీల్చుకుని వినపడేది అదే మరి. 18 అంగుళాల మందపాటి క్రాష్ శ్రుతి అదే సైజు పల్చటిదానికంటే హెచ్చుగా ఉంటుంది, మోత కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ గట్టిగా కొడితే తప్ప పూర్తిగా విచ్చుకోదు. మెల్లగా తగిలిస్తే గంటలా ‘టంగ్’మంటుంది, అంతే.

పల్చటిది అలా కాదు. స్టిక్ పక్క భాగంతో అంచు మీద ఒక్కటి ఏటవాలుగా తగిలిస్తే చాలు, ‘ఛష్’మని పేలి, తర్వాతి బీటుకు దారిచ్చి తప్పుకుంటుంది. రికార్డింగ్‌కైతే నా ఓటు దీనికే, మైకుల్లో మిగతా డ్రమ్ముల్ని మింగెయ్యదు. పగుళ్ల భయం మాత్రం దీనికే ఎక్కువ. అలాగని స్టాండు మీద నట్టు బిగించేసి, ఊగనివ్వకుండా బాదితే మందపాటిదీ పగులుతుంది.