రాజమండ్రిలో రెండు రోజులు

రాజమండ్రి అంటే పుష్కర ఘాట్, రైలు వంతెన, అంతే అనుకునేవాణ్ణి. ఈసారి నాన్నగారి పట్టుదల మీద పాత ఇళ్ళూ మ్యూజియంలూ చూడ్డానికి వెళ్ళాం.

ముందు బస సంగతి. లిఫ్ట్ ఉందని ఫోనులో చెప్పిన లాడ్జిలో అది పనిచేయడం లేదు. గది మూడో అంతస్తు, నాన్నగారివేమో అరిగిన మోకాళ్ళు. గంట వాదించి కింద గది సాధిస్తే, కిటికీ పక్కనే జనరేటరు! స్టేషన్ దగ్గర కాకుండా గోదావరి గట్టు వైపు చూసుకోండి.

కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు తప్పక చూడాలి. 1881 డిసెంబర్ 11న ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం అని బళ్ళో బట్టీ పట్టినవాళ్ళమే. ఊరు కక్షకట్టడంతో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి వండిపెట్టారట. ఆ ఇంటి నుంచి రేవుదాకా మేమూ నడిచాం. ఖాళీ చేతులతోనే నాన్నగారు రెండుసార్లు కూలబడ్డారు.

పాల్ చౌక్‌లో చూడ్డానికేమీ లేదు, మామూలు కూడలి. "పాలు అమ్ముతారా?" అన్నాడు మావాడు. 1907లో ఈ ఊళ్ళో స్వాతంత్ర్య నాయకుడు బిపిన్ చంద్రపాల్ ప్రసంగించాక వందేమాతరం అన్నందుకు అప్పటి విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి చదువే పోయిందని నాన్నగారు చెబితే నోరు మూశాడు.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియానికి పూట కేటాయించండి. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట నమూనాల కన్నా, బయట ఎండలో ఉన్న పాత యంత్రాల దగ్గరే మావాడు అతుక్కుపోయాడు. గోదావరి స్నాన సంకల్పంలో కాటన్ దొరను తలుచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నాకు మాత్రం దామెర్ల రామారావు చిత్రశాలే నచ్చింది. 1925లో, 28 ఏళ్ళైనా నిండకుండానే మశూచితో పోయిన మనిషి. పల్చటి నీటిరంగుల్లో గోదావరి కొండల్ని చూస్తుంటే పొద్దున గట్టు మీద చూసిన మంచే గుర్తొచ్చింది. తెరిచే వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి.

తిరుగు ప్రయాణానికి పగటి రైలే ఎక్కండి. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాక్ వంతెన పక్కనే కనిపిస్తుంది. కిటికీ సీటు నాన్నగారికే ఇచ్చాం.