మెట్లెక్కకుండా లండన్: పెద్దవాళ్లు, పెట్టెలు, లిఫ్టులు

అమ్మానాన్నల్ని లండన్ తీసుకొచ్చేవాళ్లు మొట్టమొదట మోసపోయేది రస్సెల్ స్క్వేర్ దగ్గర. హీత్రూ ఎయిర్‌పోర్టులో పికడిల్లీ లైన్ మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా నేరుగా అక్కడే దిగొచ్చు. చుట్టూ బోలెడు హోటళ్లు, బ్రిటిష్ మ్యూజియం నడిచి వెళ్లేంత దూరం. స్టేషన్లో లిఫ్టులున్నాయని ఎవరిని అడిగినా చెప్తారు, నిజంగానే ఉన్నాయి. కానీ లిఫ్టుకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య మెట్లున్నాయన్న సంగతి రైలు దిగాకే తెలుస్తుంది. మనిషికి రెండేసి 23 కిలోల పెట్టెలు, రాత్రంతా విమానంలో ముడుచుకుని కూర్చున్న మోకాళ్లు, వెనక నుంచి తోసుకొచ్చే జనం. అక్కడ చెడిన మూడ్ ఆ రోజంతా మళ్లీ బాగుపడదు. కోవెంట్ గార్డెన్‌లోనూ ఇంతే. లిఫ్టు దిగాక ప్లాట్‌ఫామ్ చేరడానికి మళ్లీ మెట్లు. లిఫ్టు పనిచేయకపోతే గుండ్రంగా తిరిగే మెట్లదారే గతి, మొత్తం 193 మెట్లు.

కాబట్టి "లిఫ్టు ఉందా?" అని అడిగి ఊరుకోకండి. "రోడ్డు మీద నుంచి రైల్లో కాలు పెట్టేదాకా ఎక్కడైనా మెట్టు ఉందా?" అని అడగండి. ట్యూబ్ (లండన్ మెట్రో) మ్యాప్‌లో దీనికి రెండు రకాల వీల్‌చైర్ గుర్తులున్నాయి. నీలం గుర్తుంటే రోడ్డు నుంచి రైలు లోపలిదాకా మెట్టు లేదు. తెల్ల గుర్తుంటే ప్లాట్‌ఫామ్ దాకా మాత్రమే లేదు, రైలుకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య ఎత్తు తేడా ఉండొచ్చు. ఏ గుర్తూ లేకపోతే ఆ స్టేషన్ని మర్చిపోండి. మొత్తం 272 ట్యూబ్ స్టేషన్లలో మెట్లు లేని దారి ఉన్నవి సుమారు మూడో వంతే. ఆక్స్‌ఫర్డ్ సర్కస్, పికడిల్లీ సర్కస్, లెస్టర్ స్క్వేర్ లాంటి పేరు మోసిన స్టేషన్లు కూడా ఆ మూడో వంతులో లేవు.

తెల్ల గుర్తుల్లోనూ తేడాలున్నాయి. టీఎఫ్ఎల్ (లండన్ రవాణా సంస్థ) వాళ్లు స్టెప్-ఫ్రీ ట్యూబ్ గైడ్ అని వేరే మ్యాప్ ఇస్తారు. అందులో ప్రతి ప్లాట్‌ఫామ్‌కీ రంగూ అక్షరమూ ఉంటాయి. రైలెక్కేటప్పుడు ఎత్తు 50 మిల్లీమీటర్ల లోపుంటే ఆకుపచ్చ, 120 దాటితే ఎరుపు. మధ్యలో ఖాళీ 85 మిల్లీమీటర్ల లోపుంటే ఏ, 180 దాటితే సీ. కర్ర పట్టుకుని నడిచేవాళ్లకి ఎరుపు అంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సిందే. నాలుగు చక్రాల పెట్టెకైతే సీ ఖాళీలో ముందు చక్రాలు ఇరుక్కుంటాయి. పెట్టెను అడ్డంగా తిప్పి ఎత్తి లోపల పెట్టాలి, లాక్కెళ్లకూడదు.

గుర్తు సరిగ్గానే ఉన్నా దెబ్బతీసే చోట్లు కొన్ని ఉన్నాయి. యూస్టన్ స్క్వేర్‌లో లిఫ్టు పడమర వెళ్లే రైళ్ల ప్లాట్‌ఫామ్‌కే. తూర్పుకి, అంటే కింగ్స్ క్రాస్ వైపు వెళ్లాలంటే మెట్లే. పక్కనున్న యూస్టన్ ట్యూబ్ స్టేషన్‌కి మెట్లు లేని దారే లేదు. ఉత్తరాది ఊళ్ల నుంచి రైళ్లొచ్చే అంత పెద్ద స్టేషన్ కిందే ఇలా ఉండటం నిజంగా అన్యాయం. వాటర్‌లూలో జూబిలీ లైన్‌కి లిఫ్టులున్నాయని నార్తర్న్ లైన్‌కీ ఉంటాయనుకుంటే పొరపాటు. గ్రీన్ పార్క్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నా పికడిల్లీ నుంచి జూబిలీ, విక్టోరియా లైన్లకి మారాలంటే సొరంగంలో చాలాసేపు నడవాలి. మెట్లు లేవని నడక తక్కువనుకోవద్దు. పెద్దవాళ్లని ఎక్కువగా అలసగొట్టేది ఈ నడకే.

ఇక మనసారా మెచ్చుకోవాల్సింది హీత్రూని సెంట్రల్ లండన్‌తో కలిపే ఎలిజబెత్ లైన్‌ని. 2022 మే 24న మొదలైంది. మొత్తం 41 స్టేషన్లలోనూ రోడ్డు నుంచి ప్లాట్‌ఫామ్ దాకా మెట్లు లేవు. హీత్రూ స్టేషన్లలోనూ, ప్యాడింగ్టన్ నుంచి వూలిచ్ దాకానూ రైలు గుమ్మం ప్లాట్‌ఫామ్‌తో సమానంగా ఉంటుంది, పెట్టె దానంతటదే దొర్లుకుంటూ లోపలికి వెళ్తుంది. సౌతాల్, ఇల్ఫర్డ్ లాంటి బయటి స్టేషన్లలో కొంచెం ఎత్తుంటుంది, అడిగితే స్టాఫ్ ర్యాంప్ వేస్తారు. మొదటి రైలు నుంచి చివరి రైలు దాకా ప్రతి స్టేషన్లోనూ స్టాఫ్ ఉంటారు, ముందుగా బుక్ చేయక్కర్లేదు. లోపల ఏసీ ఉంటుంది, దారి వెడల్పుగా ఉంటుంది. పికడిల్లీ రైళ్లు 1973 నాటి డిజైన్, ఏసీ లేదు, ఇరుకు.

రేట్లు 2025వి చెప్తున్నాను. హీత్రూ నుంచి సెంట్రల్ లండన్‌కి ఎలిజబెత్‌లో 13.90 పౌండ్లు, పికడిల్లీలో 5.80. ఇద్దరికి తేడా 16.20 పౌండ్లు. వయసులో ఉన్నవాళ్లు ఒక బ్యాగుతో వస్తే పికడిల్లీయే తీసుకోండి, డబ్బు మిగుల్తుంది. పెద్దవాళ్లు పెట్టెలతో ఉంటే ఆ 16 పౌండ్ల దగ్గర లెక్క చూడకండి. ప్యాడింగ్టన్‌కి ఎలిజబెత్‌లో దాదాపు అరగంట. హీత్రూ ఎక్స్‌ప్రెస్ పావుగంటలో తీసుకెళ్తుంది గానీ స్టేషన్లో అప్పటికప్పుడు కొంటే టికెట్ దాదాపు రెట్టింపు. మిగిలే ఆ పావుగంటకి అంత పెట్టడం దండగ.

ఎలిజబెత్ లైన్‌కీ మూడు లోపాలున్నాయి. రైల్లో టాయిలెట్ లేదు, కాబట్టి ఎయిర్‌పోర్టులోనే పని చూసుకుని బయల్దేరండి. ప్యాడింగ్టన్, లివర్‌పూల్ స్ట్రీట్, కింగ్స్ క్రాస్ లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలో 2019 నుంచి టాయిలెట్లు ఉచితం. పెట్టెలు పెట్టడానికి ప్రత్యేకంగా అర లేదు, మడిచే సీట్ల దగ్గరున్న ఖాళీ చోటే దిక్కు. మూడోది అసలైన ఇబ్బంది. రైలు పొడవు 205 మీటర్లు, తొమ్మిది బోగీలు. లిఫ్టు ఒక చివర ఉండి మీరు రెండో చివర దిగితే పెట్టెలు లాక్కుంటూ అంత పొడవూ నడవాలి. ఫారింగ్డన్ స్టేషన్ అయితే ఒక చివర ఫారింగ్డన్‌లో, రెండో చివర బార్బికన్‌లో తేలుతుంది. థేమ్స్‌లింక్ (ఊరి మధ్యగా ఉత్తర దక్షిణాలకి వెళ్లే) రైలుకి మారాలంటే పడమటి చివరకి రావాలి. హీత్రూ నుంచి వచ్చే రైలుకి అది వెనకవైపు, కాబట్టి వెనక బోగీల్లో ఎక్కండి.

సెయింట్ పాంక్రస్, కింగ్స్ క్రాస్ వెళ్లేవాళ్లకి నా ఓటు ఈ దారికే: హీత్రూ నుంచి ఎలిజబెత్‌లో ఫారింగ్డన్, అక్కడ లిఫ్టు, థేమ్స్‌లింక్‌లో ఒక్క స్టాప్. థేమ్స్‌లింక్ ప్లాట్‌ఫామ్‌ల మధ్య భాగాన్ని రైలు ఎత్తుకి తగ్గట్టు లేపారు, అక్కడే నిలబడండి. గాట్విక్ ఎయిర్‌పోర్టులో దిగేవాళ్లకి ఇంకా సులువు, థేమ్స్‌లింక్ నేరుగా సెయింట్ పాంక్రస్‌కి తీసుకొస్తుంది.

స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లాలంటే రైలు మారాల్సి రావొచ్చు. టెర్మినల్ 4 రైళ్లు అబీ వుడ్ వైపు, టెర్మినల్ 5 నుంచి వచ్చేవి షెన్‌ఫీల్డ్ వైపు వెళ్తాయి. అబీ వుడ్ రైలే ముందొచ్చినా కంగారేమీ లేదు. ఎక్కేసి లివర్‌పూల్ స్ట్రీట్‌లో దిగి, అదే ప్లాట్‌ఫామ్ మీద నిలబడి వెనకొచ్చే షెన్‌ఫీల్డ్ రైలు ఎక్కండి. లిఫ్టు అక్కర్లేదు, అడుగు కదపక్కర్లేదు. జూబిలీ లైన్‌లో 1999లో తెరిచిన భాగం, వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ దాకా, అంతా మెట్లు లేనిదే. డీఎల్ఆర్ (తూర్పు లండన్ లైట్ రైలు) స్టేషన్లన్నీ అంతే, కాకపోతే చాలావాటిలో స్టాఫ్ కనిపించరు.

బయల్దేరే ముందు టీఎఫ్ఎల్ గో యాప్‌లో స్టెప్-ఫ్రీ మోడ్ పెట్టి దారి చూడండి, ఆ రోజు ఏ లిఫ్టు పనిచేయడం లేదో కూడా అందులోనే తెలుస్తుంది. ముందురోజు చూసింది చాలదు. లిఫ్టు చెడిపోవడమే కాదు, స్టాఫ్ తక్కువైనా మూసేస్తారు. స్టేషన్‌కి వచ్చాక లిఫ్టు ఆగిందని తెలిస్తే ఎస్కలేటర్ మీద పెట్టెలతో సాహసం చేయకండి. స్టాఫ్‌ని అడిగితే వేరే స్టేషన్ మీదుగా దారి చెప్తారు.

రైలెక్కేటప్పుడు వరస ముఖ్యం. గట్టివాళ్లలో ఒకరు పెట్టెలతో ముందెక్కాలి, తర్వాత పెద్దవాళ్లు, ఆఖరున ఇంకొకరు. తలుపులు మూసుకుపోయి విడిపోతే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే ఆగాలి, ప్లాట్‌ఫామ్ మీద మిగిలినవాళ్లు వెనక రైల్లో రావాలి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వెనక్కి తిరిగితే గంట పోతుంది. పెద్దవాళ్ల చేతికి పెట్టె ఇవ్వకండి, వాళ్లకి ఒక చెయ్యి కమ్మీ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి. నాలుగు చక్రాల పెట్టె రైలు బ్రేకేస్తే జారిపోతుంది, పడుకోబెట్టండి లేదా మోకాలు ఆనించి పట్టుకోండి. చాలా లిఫ్టుల్లో ఎక్కే తలుపు ఒకవైపు, దిగే తలుపు ఎదురువైపు. ముందు ఎక్కినవాళ్లే ముందు దిగాలి కాబట్టి పెట్టెలు అడ్డం పెట్టకండి.

పనిరోజుల్లో పొద్దున 6:30 నుంచి 9:30 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా రద్దీ. విమానం పొద్దున్నే దిగితే ఎయిర్‌పోర్టులోనే కాఫీ తాగి, కాళ్లు చాపుకుని తొమ్మిదిన్నర దాటాక కదలండి. హోటల్ గది ఎలాగూ మధ్యాహ్నం దాకా ఇవ్వరు.

బస్సుని చాలామంది చిన్నచూపు చూస్తారు. లండన్ బస్సులన్నీ నేల తక్కువ ఎత్తులో ఉన్నవే, ర్యాంపుతో సహా. 2025లో టికెట్ 1.75 పౌండ్లు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అంతే. డబ్బులిస్తే తీసుకోరు, కార్డు ఆనించాలి. మెట్లు, సొరంగాలు, లిఫ్టు వెతుకులాట ఏమీ లేవు, పైగా ఊరు కనిపిస్తుంది, పెద్దవాళ్ల మొహాలు వెలుగుతాయి. 205 నంబరు బస్సు గుర్తుపెట్టుకోండి: ప్యాడింగ్టన్, బేకర్ స్ట్రీట్, యూస్టన్, కింగ్స్ క్రాస్, లివర్‌పూల్ స్ట్రీట్ అన్నీ దాని దారిలోనే. యూస్టన్‌లో ట్యూబ్ పెట్టే కష్టానికి ఇదే మందు. అయితే పెట్టెలకి చోటు తక్కువ, వీల్‌చైర్ వచ్చిందంటే ఆ చోటు వాళ్లదే. రెండు పెద్ద పెట్టెలు మించితే బస్సు మానండి.

2025 రేటుకి నలుగురుంటే ఎలిజబెత్‌కి 55.60 పౌండ్లవుతుంది. హీత్రూ నుంచి బ్లాక్ క్యాబ్ 70 దాటడం మామూలే, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంకా పైకి పోతుంది. మధ్యేమార్గం ఒకటుంది: దూరం రైల్లో, చివరి రెండు మైళ్లు క్యాబ్‌లో. ప్యాడింగ్టన్ దాకా రైలు, బయట ట్యాక్సీ. బ్లాక్ క్యాబులన్నిటిలో ర్యాంపుంటుంది, పెట్టెలు డ్రైవర్ పక్కనా వెనకా పడతాయి.

దారి ఎంత బాగున్నా బస దగ్గర దెబ్బతినేవాళ్లే ఎక్కువ. ప్యాడింగ్టన్, బేస్‌వాటర్, బ్లూమ్స్‌బరీ చుట్టూ తక్కువ రేటు హోటళ్లలో చాలావరకు పాతకాలపు వరస ఇళ్లు. పేవ్‌మెంట్ నుంచి తలుపు దాకానే అయిదారు మెట్లు. లోపల ఇరుకు మెట్లు, లిఫ్టు ఉండదు. ఉన్నా అరంతస్తు ఎక్కాక మొదలవుతుంది, మనిషీ ఒక పెట్టె పడితే గొప్ప. "లోయర్ గ్రౌండ్ ఫ్లోర్" అని రాసి ఉంటే మురిసిపోకండి, అది కిందికి మెట్లు దిగి వెళ్లే సెల్లార్ గది. బాత్రూంలో టబ్బుంటే దాని అంచు దాటి లోపల కాలు పెట్టాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి రైలు మెట్టుకంటే అదే ప్రమాదం. బుక్ చేసేముందు ఈమెయిల్లో నాలుగు అడగండి: తలుపు బయట ఎన్ని మెట్లు, లిఫ్టు వీధి మట్టం నుంచి మొదలవుతుందా, రెండు పెట్టెలతో ఇద్దరు పడతారా, షవర్‌కి టబ్బు దాటాలా. "లిఫ్ట్ అవైలబుల్" అని ఒక్క ముక్కలో జవాబొస్తే ఆ హోటల్ వదిలేయండి. స్ట్రాట్‌ఫర్డ్, కానరీ వార్ఫ్, ఫారింగ్డన్ దగ్గరి కొత్త భవనాల్లో గది చిన్నదైనా ఈ బాధలుండవు. ఊరి నడిబొడ్డున ఉండాలన్న పంతం కంటే లిఫ్టున్న స్టేషన్‌కి అయిదు నిమిషాల్లో చేరడం మేలు.

ఉచితంగా తిరగనిచ్చే ఫ్రీడమ్ పాస్ లండన్‌లో నివాసముండే పెద్దవాళ్లకే, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి రాదు. సీనియర్స్ రైల్‌కార్డ్ (రైలు తగ్గింపు కార్డు) మాత్రం 60 దాటినవాళ్లెవరైనా కొనుక్కోవచ్చు, పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. 2025 మార్చి నుంచి ఏడాదికి 35 పౌండ్లు, రైలు టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది. ట్యూబ్ స్టేషన్లో స్టాఫ్‌ని అడిగి ఓయిస్టర్ కార్డుకి (గేట్లలో ఆనించే ప్రయాణ కార్డు) జత చేయిస్తే రద్దీ లేని వేళల్లో అక్కడా తగ్గింపు. ఎడిన్‌బరో లాంటి దూరప్రయాణం ఒకటున్నా ఖర్చు రాబట్టుకోవచ్చు. అలాంటి రైళ్లకి ప్యాసింజర్ అసిస్ట్ (స్టేషన్ స్టాఫ్ సాయం) బుక్ చేయండి, ఉచితం, రెండు గంటల ముందు చెప్పినా చాలు, పెట్టెలకీ సాయం చేస్తారు. ట్యూబ్ గేట్లలో ఆనించడానికి ఒక్కొక్కరికీ వేరే కార్డుండాలి, లోపలికి ఆనించిందే బయటికీ ఆనించాలి. కార్డుతో వెళ్లి ఫోనుతో బయటికొస్తే రెండూ వేరేవి కాబట్టి ఎక్కువ కోసేస్తారు. గేట్లలో వెడల్పుగా ఉన్నది ఎప్పుడూ ఒకటుంటుంది, పెట్టెలతో అందులోంచే వెళ్లండి.

తిరుగు ప్రయాణంలో రైలు మీద రాసిన టెర్మినల్ చూసి ఎక్కండి. టెర్మినల్ 5కి ఎలిజబెత్ రైళ్లు గంటకి రెండే. ఒకటి తప్పితే అరగంట ప్లాట్‌ఫామ్ మీదే. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ కావాలంటే ఎయిర్‌లైన్‌కి కనీసం 48 గంటల ముందు చెప్పాలి, వెళ్లేటప్పటిదీ వచ్చేటప్పటిదీ విడివిడిగా.