లండన్, మాస్కో, స్టాక్‌హోమ్: సూదికి ఏ స్టేషన్ మేలు?

భూగర్భ రైల్వే స్టేషన్‌ను బట్ట మీద కుట్టాలనుకున్నప్పుడు ముందు తేల్చుకోవలసింది ఫొటో సంగతి. చూడడానికి బాగున్న ఫొటో వేరు, కుట్టడానికి పనికొచ్చే ఫొటో వేరు. ప్లాట్‌ఫారం చివర నిలబడి, సొరంగం దూరం వెళ్ళేకొద్దీ సన్నబడే దృశ్యం తీస్తే కంటికి ఇంపుగా ఉంటుంది. కుట్టబోతే మాత్రం అవతలి చివర గోడ పలకలు (టైల్స్) ఒక్క కుట్టుకు కూడా చోటివ్వవు. అందుకే నేను ఎప్పుడూ గోడకు ఎదురుగా నిలబడి తీసిన ఫొటో వైపే మొగ్గుతాను. ఆ లెక్కన ఈ మూడు నగరాలూ మూడు రకాల పరీక్షలు పెడతాయి.

లండన్ గోడ సగం పని తానే చేసిపెడుతుంది. వాస్తుశిల్పి లెస్లీ గ్రీన్ రూపకల్పన చేసి 1906, 1907లలో తెరిచిన స్టేషన్లలో ఒక్కోదానికి ఒక్కో రంగు పలకల వరుస, ఒక్కో అల్లిక. 1968లో మొదలైన విక్టోరియా లైన్‌లో ప్లాట్‌ఫారం బల్లల వెనుక ఒక్కో స్టేషన్‌కు ఒక్కో బొమ్మ కనిపిస్తుంది. సెవెన్ సిస్టర్స్‌లో ఏడు చెట్లు, వారెన్ స్ట్రీట్‌లో చిక్కుదారి. వారెన్ అంటే కుందేళ్ళ బొరియల గుంపు కదా, పేరుకు తగ్గ బొమ్మ. ఇలాంటి గళ్ళ బొమ్మ క్రాస్ స్టిచ్‌కు (గడికొక X ఆకారపు కుట్టుకు) చక్కగా ఒదుగుతుంది. అంగుళానికి 14 గళ్ళున్న అయిడా బట్ట మీద ఆరు అంగుళాల వెడల్పు అంటే 84 కుట్లు.

చిక్కల్లా సొరంగం గుండ్రంగా ఉండడమే. గోడ పైకి వెళ్ళేకొద్దీ మన మీదికి వంగుతుంది కాబట్టి ఫొటోలో పై వరుసల పలకలు కింది వరుసలతో సమంగా పడవు. ఆ ఫొటో మీద ట్రేసింగ్ కాగితం పెట్టి గీస్తే బొమ్మ పైభాగం వంకరపోయినట్టు వస్తుంది. ఫొటోను కొలవకండి, పలకలను లెక్కపెట్టండి. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అని రాసుకుని గళ్ళ కాగితం మీద మళ్ళీ వేసుకుంటే వంకర దానంతటదే పోతుంది. పలకల మధ్య సందులను ఒక్క పోగు బూడిద రంగు దారంతో కుడితే చాలు. రెండు పోగులు తీసుకుంటే గోడ కాస్తా వలలా కనిపిస్తుంది. అక్కడ సొంత అవసరానికి ఫొటోలు తీసుకోనిస్తారు గానీ ఫ్లాష్, ట్రైపాడ్ కూడదు. ఫ్లాష్ లేకపోవడం మనకే మంచిది, ఎందుకంటే మెరుగు పలక మీద అది తెల్లటి మచ్చగా పడుతుంది.

మాస్కోలోని మయకోవ్‌స్కయా స్టేషన్ (1938) అందానికి తిరుగులేదు. కప్పు గుంటల్లో చిత్రకారుడు దైనేకా నమూనాలతో చేసిన మొజాయిక్‌లు, స్తంభాలకు స్టీలు పట్టీలు. కెమెరాను అరచేతిలో వెల్లకిలా పెట్టి, సరిగ్గా గుంట కిందే నిలబడి తీయాలి. ఒక్క అడుగు పక్కకు జరిగినా అండాకారం చెడుతుంది. పైగా మొజాయిక్ ప్రాణమంతా చిన్న చిన్న గాజు ముక్కల్లో ఉంటుంది, కింద నుంచి తీసిన ఫొటోలో అవి కలిసిపోతాయి. స్టీలు కనిపించగానే జరీ తీయాలనిపిస్తుంది. నా మాట వినండి, తీయకండి. ఫొటోలో ఆ స్టీలును పరిశీలించి చూస్తే మెరుపు ఒక సన్నటి గీత మాత్రమే, మిగతాదంతా ముదురూ లేతా బూడిద రంగులే. నాలుగు ఛాయల నూలు దారం చేసే పని జరీ చేయలేదు.

స్టాక్‌హోమ్ దారి వేరు. టి-సెంట్రాలెన్ స్టేషన్ నీలి లైన్ ప్లాట్‌ఫారాల దగ్గర గుహలాంటి గోడల మీద కళాకారుడు పర్ ఓలోఫ్ ఉల్త్‌వెట్ 1975లో నీలి తీగలు, ఆకులు చిత్రించాడు. ఇక్కడ లెక్కపెట్టడానికి గళ్ళు లేవు, ఫొటో కాస్త వంకరపోయినా తీగకు నష్టం లేదు. తెల్ల బట్టే గోడ అవుతుంది. తీగకు కాడకుట్టు, ఆకుకు శాటిన్ కుట్టు (దారాలను పక్కపక్కనే ఒత్తుగా నింపేది), రెండు మూడు నీలాలు చాలు. కుట్టడం కొత్తగా నేర్చుకున్నవారికి నేను దీన్నే చెబుతాను. కానీ గోడ గరుకుదనం మాత్రం బట్ట మీదికి రాదు, ఆ లోటు నాకు ప్రతిసారీ తెలుస్తుంది.

ఒక్కటే ఎంచుకోమంటే లండన్ పలకలే నా ఎంపిక. ఫొటోలో జరిగిన తప్పును లెక్కతో దిద్దుకునే వీలు మిగతా రెండింటిలో లేదు. రంగు విషయంలో మాత్రం అక్కడ కూడా ఫోనును నమ్మవద్దు. భూగర్భ దీపాల కింద మీగడ రంగు పలక పసుపుగా పడవచ్చు. దారాల నమూనా కార్డును పలక పక్కనే పట్టుకుని, రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసుకోండి. ఇంటికి వచ్చాక ఫొటోలోని పలక రంగును ఫొటోలోని దారంతోనే పోల్చండి, చేతిలోని దారంతో కాదు.