బావంచాల నూనె, బకుచియోల్ సీరం, గ్రీన్ టీ క్రీము: ముఖానికి ఏది క్షేమం?

మొక్క నుంచి తీసిన యాంటీ ఆక్సిడెంట్ కదా, ముఖానికి హాని చేయదులే అన్న ధీమా ఎంత ప్రమాదకరమో బావంచాలను చూస్తే తెలుస్తుంది.

మూలికల దుకాణాల్లో దొరికే ఈ చిన్న నల్లటి గింజలను బొల్లి మచ్చలకు మందుగా ఆయుర్వేదంలో తరతరాలుగా వాడుతున్నారు. వాటి నూనెలో బకుచియోల్ అనే యాంటీ ఆక్సిడెంట్‌తో పాటు సోరాలెన్ అనే రసాయనం కూడా ఉంటుంది. ఎండలోని యూవీఏ కిరణాలు తగలగానే ఈ సోరాలెన్ చర్మకణాల డీఎన్‌ఏతో చర్య జరుపుతుంది. వైద్యులు మోతాదు, వెలుతురు లెక్కగట్టి బొల్లి చికిత్సకు వినియోగించే ఆ గుణమే, మెరుపు కోసం నూనె రాసుకున్న ముఖంపై బొబ్బలను, ఆ తర్వాత నెలల తరబడి పోని నల్లమచ్చలను తేగలదు. మంట వెంటనే కాక ఒకటి రెండు రోజులకు ముదురుతుంది కాబట్టి నూనె మీదికి అనుమానం పోదు. మిర్చి సీజన్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పగలంతా ఎండలో నిలబడేవారికే కాదు, హన్మకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చునేవారికీ ఈ ముప్పుంది; యూవీఏ అద్దంలోంచి కూడా వస్తుంది.

అదే గింజ నుంచి వేరుచేసి శుద్ధి చేసిన బకుచియోల్ సంగతి వేరు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వెలువడిన అధ్యయనంలో 44 మంది 12 వారాలపాటు 0.5 శాతం బకుచియోల్ గానీ, అంతే గాఢత గల రెటినాల్ (ముడతలకు వాడే విటమిన్ ఎ రూపం) గానీ వాడగా, ముడతలు, మచ్చలు రెంటితోనూ తగ్గాయి. పొలుసులు, చురచుర రెటినాల్ వాడినవారిలోనే ఎక్కువగా కనిపించాయి. అయితే అది చిన్న అధ్యయనమే, పైగా బకుచియోల్‌తోనూ అలర్జీ వచ్చిన సందర్భాలున్నాయి. గర్భిణుల విషయంలో తగిన ఆధారాలు లేనందున వారు దూరంగా ఉండడమే మంచిది. సీసా మీద బకుచియోల్ అని కాక సోరాలియా కోరిలిఫోలియా (బావంచాల శాస్త్రీయ నామం) గింజల నూనె అని ఉంటే, సోరాలెన్ తొలగించినట్టు స్పష్టంగా రాసి ఉంటే తప్ప ముఖానికి వద్దనే చెబుతాను.

గ్రీన్ టీ క్రీముకు ఎండతో ఇలాంటి పేచీ లేదు. తొందరగా ఎర్రబడే చర్మానికి నా మొదటి ఓటు దీనికే, కాకపోతే సువాసన కలపనిది ఎంచుకోవాలి. పరిమళం కోసం వేసే లిమొనీన్, లినలూల్ గాలి తగిలి మారినప్పుడు అలర్జీ తెస్తాయి. ముడతలు, మచ్చలు తగ్గాలనుకునేవారికి మాత్రం సన్‌స్క్రీన్ తోడుగా బకుచియోల్ సీరమే మేలు. ఏది కొన్నా ముందు మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు, వారం నుంచి పది రోజులు రాసి చూసి, దురద గానీ దద్దు గానీ లేకపోతేనే ముఖానికి వాడాలి.